మయోనైజ్‌లో పులుపెంత?

పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. కేరళ అంతకుముందే, 2023 జనవరిలో, ఆ పని చేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా చేసింది. అప్పటి నుంచి తరచూ ఎదురవుతున్న ప్రశ్న ఇది: "కంపెనీ మయోనైజ్ కొట్లో ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటుంది కదా, మరి పొద్దున చేసి సాయంత్రానికి అమ్మేసే షవర్మా బండి మయోనైజ్‌కి ఏం రోగం?" దీనికి జవాబు తాజాదనంలో దొరకదు, పులుపులో దొరుకుతుంది.

పచ్చి గుడ్డుతో భయమంతా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవితోనే. దాని గురించి పాఠ్యపుస్తకంలో ఉండేదంతా ఇక్కడ ఏకరువు పెట్టను. అందులో 2,500కి పైగా రకాలున్నాయి. టైఫాయిడ్ తెచ్చే టైఫీ మనిషిలో మాత్రమే బతుకుతుంది. మిగతావాటిలో చాలా రకాలు కోళ్ళు, పశువులు, బల్లుల పేగుల్లో ఉంటాయి. బల్లి పడిన సాంబారు విషమైపోతుందని మనవాళ్ళ నమ్మకం. ఇంటి బల్లికి విషం లేదు, కానీ దాని పెంటలో సాల్మొనెల్లా ఉండొచ్చు. కుతకుత ఉడికే గిన్నెలో పడితే ఆ సూక్ష్మజీవి చస్తుంది. అసలు భయపడాల్సింది చల్లారి, మూత లేకుండా ఉన్న గిన్నెలో పడితేనే. మనం మాత్రం రెంటికీ ఒకేలా హడలిపోతాం.

ఇక గుడ్డు. ఎంటరైటిడిస్ అనే రకం కోడి అండాశయంలోకే చేరుతుంది కాబట్టి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వెళ్ళిపోతుంది. పైన ఎంత తుడిచినా లాభం లేదు. అయితే గుడ్డు కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. పెట్టినప్పుడు తెల్లసొన పీహెచ్ (పులుపు కొలత, 7 కన్నా తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ) 7.6 ఉంటుంది. పెంకు రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ పోతున్నకొద్దీ కొద్ది రోజుల్లోనే అది 9 దాటుతుంది. తెల్లసొనలోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఇనుమునంతా పట్టేసుకుంటుంది. ఇనుము లేనిదే సాల్మొనెల్లా పెరగలేదు. ఇనుమూ కొవ్వూ ఉన్నది పచ్చసొనలో, దాని చుట్టూ మళ్ళీ ఒక పొర. అందుకే కలుషితమైన తాజా గుడ్డులో కూడా సూక్ష్మజీవులు తక్కువగానే ఉంటాయి.

మిక్సీ జార్‌లో వేసి ఒక్క తిప్పు తిప్పామంటే ఈ కాపలా అంతా పోయినట్టే. పచ్చసొన పొర చిరిగి, ఇనుము తెల్లసొనలో కలిసిపోతుంది.

అమెరికాలో వేసిన ఒక అంచనా ప్రకారం, దాదాపు 20 వేల గుడ్లలో ఒకదాని లోపల ఎంటరైటిడిస్ ఉంటుంది. చాలా చిన్న సంఖ్య అనిపిస్తుంది. కానీ రోజుకి ఒక ట్రే, అంటే 30 గుడ్లు కొట్టే హోటల్ ఏడాదిలో 10,950 గుడ్లు వాడుతుంది. అదే లెక్కన ఏడాదిలో కనీసం ఒక చెడ్డ గుడ్డు తగిలే అవకాశం 42 శాతం. ఆమ్లెట్ వేస్తే ఆ గుడ్డు పెనం మీదే సరి. మయోనైజ్‌లో పడితే అది మిగతా 29 గుడ్లతో కలిసి రోజంతా వచ్చే గిరాకీలందరికీ చేరుతుంది.

ఇప్పుడు పులుపు సంగతి. మయోనైజ్‌లో నాలుగింట మూడు వంతులు నూనె. సూక్ష్మజీవి నూనెలో బతకదు, నూనె బొట్ల మధ్య ఉండే పలచటి నీటి పొరలో బతుకుతుంది. ఒక గుడ్డు (50 గ్రాములు), ఒక కప్పు నూనె (220 గ్రాములు), ఒక పెద్ద చెంచా (15 మి.లీ.) 4 శాతం వెనిగర్ తీసుకోండి. అందులో అసిటిక్ ఆమ్లం 0.6 గ్రాములు. మొత్తం మయోనైజ్‌తో పోలిస్తే అది 0.2 శాతమే. కానీ గుడ్డులో ఉన్న 38 గ్రాముల నీరు, వెనిగర్‌లోని నీరు మాత్రమే లెక్కేస్తే 1.1 శాతం అవుతుంది. సూక్ష్మజీవికి తగిలే పులుపు ఇదే.

ఆ ఆమ్లం చంపే తీరు తెలుసుకోవాలంటే డెల్టాలో పల్లపు చేను ఒకటి ఊహించుకోండి. పక్కన నిండుగా పారే కాలువ, మధ్యన గట్టు. చేను సూక్ష్మజీవి కణం, గట్టు ఆ కణపు పొర, కాలువ నీళ్ళు ఆమ్లం వదిలే హైడ్రోజన్ అయాన్లు. గట్టు బాగుంటే కాలువ ఎంత నిండినా చేనుకి ఏమీ కాదు. విద్యుదావేశం ఉన్న అయాన్ ఆ పొరను దాటలేదు. హైడ్రోజన్ అయాన్ ఇంకా విడిపోకుండా నిండుగా ఉన్న అసిటిక్ ఆమ్ల అణువుకి ఆవేశం లేదు. అది గట్టులో ఎండ్రకాయ బొరియ లాంటి దారి చూసుకుని లోపలికి దూరుతుంది. కణం లోపల పీహెచ్ 7.5 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ విడిపోయి తన హైడ్రోజన్ అయాన్‌ను వదిలేస్తుంది. రైతు ఇంజను పెట్టి నీళ్ళు తోడతాడు, కణం తన శక్తినంతా ఖర్చుపెట్టి అయాన్లను బయటికి తోస్తుంది. బొరియలు ఎక్కువైతే డీజిల్ అయిపోతుంది, చేను మునుగుతుంది.

బొరియలు ఎన్నన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. పీహెచ్ 4.1 దగ్గర అసిటిక్ ఆమ్లంలో 82 శాతం విడిపోకుండా ఉంటుంది. పీహెచ్ 5 దగ్గర 36 శాతం, 6 దగ్గర 5 శాతమే. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లమైతే 4.1 దగ్గర కూడా విడిపోకుండా మిగిలేది 8 శాతమే. నాలుకకి రెండూ ఒకేలా పుల్లగా ఉన్నా, చంపడంలో వెనిగర్‌దే పైచేయి.

అరకొర పులుపు అసలు పులుపు లేకపోవడం కన్నా ప్రమాదం కావచ్చు. పీహెచ్ 5 దగ్గర సాల్మొనెల్లా చావదు, పైగా పులుపుని తట్టుకోవడానికి సిద్ధమవుతుంది. లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కాడవెరిన్‌గా మార్చే ఎంజైమును పనిలో పెట్టి, మార్చిన ప్రతి అణువుకీ ఒక హైడ్రోజన్ అయాన్‌ను ఖర్చుచేస్తుంది. ముందే రెండో ఇంజను తెచ్చిపెట్టుకున్న రైతన్నమాట. అలా సిద్ధమైన సూక్ష్మజీవి మన జీర్ణాశయపు ఆమ్లాన్ని కూడా తట్టుకుంటుంది. చుట్టూ ఉన్న కొవ్వు దానికి మరో రక్షణ. కొవ్వు ఎక్కువున్న తిండిలో పదుల సంఖ్యలో సూక్ష్మజీవులున్నా జబ్బు చేసే అవకాశం ఉంది. 1994లో అమెరికాలో ఒక ఐస్‌క్రీమ్ వల్ల దాదాపు 2 లక్షల 24 వేల మంది జబ్బుపడ్డారని అంచనా. పచ్చి గుడ్ల సొన మోసిన ట్యాంకర్‌లోనే ఆ ఐస్‌క్రీమ్ మిశ్రమాన్ని తరలించారు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ పాశ్చరైజ్ చేయలేదు, అంటే సూక్ష్మజీవులు చచ్చేలా వేడిచేయలేదు.

ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందా? చలికి సాల్మొనెల్లా పెరుగుదల ఆగుతుంది, అంతేగాని చావదు. ఆమ్లం దూరడమూ మందగిస్తుంది కాబట్టి పుల్లటి మయోనైజ్‌లో అది బయటకన్నా ఫ్రిజ్‌లోనే ఎక్కువ రోజులు బతుకుతుంది. పీహెచ్ 4.1 లేదా అంతకు తక్కువగా ఉన్న పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 18–22 డిగ్రీల దగ్గర వెనిగర్‌దైతే ఒక రోజు, నిమ్మరసానిదైతే మూడు రోజులు ఉంచి ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టాలన్న సూచన అందుకే వచ్చింది. పీహెచ్ కొలవకుండా ఈ పని చేయకూడదు. పులుపు చాలని మయోనైజ్‌ను బండి మీద 35 డిగ్రీల్లో ఉంచితే, అరగంటకోసారి రెట్టింపైనా 100 సూక్ష్మజీవులు ఆరు గంటల్లో 4 లక్షలు దాటుతాయి. అడుగున పాతది ఉండగానే, మూతి దగ్గర ఎండిన పసుపు చార కూడా కడగకుండా, పైన కొత్తది పోసే పిండుడు సీసాలో లెక్క 100తో మొదలవ్వదు, నిన్నటి లక్షలతో మొదలవుతుంది.

కంపెనీ సీసాలో ఉండేది పాశ్చరైజ్ చేసిన గుడ్డు, కొలిచి వేసిన ఆమ్లం, ఉప్పు. గుట్టు అంతే.

ఇంట్లో చేసుకోవాలంటే పచ్చసొనలు రెండు, వెనిగర్ రెండు పెద్ద చెంచాలు, నీళ్ళు రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. మందపాటి గిన్నెలో చాలా సన్నని మంట మీద ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీలకు తేవాలి. థర్మామీటర్ లేకపోతే చిక్కబడి ఒకటి రెండు బుడగలు పగిలేదాకా. వెంటనే దించి నాలుగు నిమిషాలు వదిలేయాలి. పూర్తిగా చల్లారాక మిక్సీలో తిప్పుతూ కప్పు నూనెను సన్నటి ధారగా పోయాలి. నీళ్ళు, వెనిగర్ కలపకుండా వేడిచేస్తే సొన గడ్డలు కడుతుంది. తెల్లసొన వేస్తే ఇంకా ముందే విరుగుతుంది. వేడి మీద నూనె పోస్తే నూనె వేరుగా తేలిపోతుంది. సొన 71 డిగ్రీలకు చేరి ఉంటే, వీటిలో ఏది జరిగినా రుచే పోతుంది, ఆరోగ్యానికి ముప్పు లేదు.

ఒంటికి బలమని పచ్చి గుడ్డు గటగటా తాగించే వస్తాదులకు ఒక మాట: ఉడికించిన గుడ్డు ప్రొటీన్‌లో 91 శాతం జీర్ణమైతే, పచ్చిదాంట్లో జీర్ణమయ్యేది 51 శాతమే. నాటు గుడ్డైనా అంతే.

జబ్బు విషయానికొస్తే, తిన్న 6 గంటల నుంచి 6 రోజుల్లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలై 4 నుంచి 7 రోజుల్లో తగ్గుతాయి. ప్రధాన వైద్యం ఓఆర్‌ఎస్. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు. యాంటీబయాటిక్ చాలామందికి అక్కర్లేదు, పైగా వాడితే సూక్ష్మజీవి పేగుల్లో ఇంకా ఎక్కువ కాలం ఉండిపోవచ్చు. మలంలో రక్తం, 102 దాటిన జ్వరం, మూత్రం తగ్గిపోవడం కనిపించినా, రోగి పసిబిడ్డో వృద్ధులో అయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. టైఫాయిడ్ టీకా ఈ జబ్బుని ఆపదు. మన ఊళ్ళలో టైఫాయిడ్ అనుమానంతో ప్రతి జ్వరానికీ రాసే వైడాల్ రక్తపరీక్ష కూడా దీన్ని తేల్చదు, పాత జ్వరాల యాంటీబాడీలకే పాజిటివ్ చూపించొచ్చు. తేల్చేది మలంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే మలం కల్చర్. దానికి శాంపిల్‌ను యాంటీబయాటిక్ మొదటి మోతాదుకి ముందే ఇవ్వాలి. తిన్న పదార్థం ఏమైనా మిగిలుంటే పారేయకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆహార భద్రత అధికారికి అప్పగించాలి.