అట్రాసిటీ చట్టం వెనక ఏం జరిగింది?

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు అనగానే ముందు వినిపించే మాట 'దుర్వినియోగం'. ఆ చట్టం తేవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం చాలామందికి గుర్తులేదు.

అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసింది. శిక్షలు వేసే చట్టం 1955లో వచ్చింది. గుళ్లోకి, హోటల్లోకి రానివ్వకపోయినా, బావిలో నీళ్లు తోడుకోనివ్వకపోయినా ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1976లో దాన్ని కాస్త బిగించి, పేరు మార్చారు. వాడల మీద పడి చంపితే మాత్రం ఎప్పటిలాగే ఐపీసీ కేసులే.

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. గేదెల్ని కడిగిన మురికి తాగే నీళ్లలో కలుస్తుంటే దళితులు అడ్డుచెప్పారు. అగ్రకులస్తులు కొట్టబోతే ఒక దళిత మహిళ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపేశారు. మిగిలినవాళ్లు చీరాలలో శిబిరం వేసుకుని, ఊరికి తిరిగి వెళ్లేది లేదన్నారు. కారంచేడు ఒక్కటే కారణమని అనలేం గానీ, ఆ ఉద్యమ వేడి ఢిల్లీకీ తగిలింది.

1989లో ఈ అట్రాసిటీ చట్టం చేశారు. ముందస్తు బెయిల్ లేదు, విచారణకు ప్రత్యేక కోర్టులు. అది అమల్లోకొచ్చిన ఏడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టించుకున్నారు. అయినా తీర్పుకు 2007 దాకా ఆగాల్సి వచ్చింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

2018 మార్చిలో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద అరెస్టు చేయాలంటే ముందు పై అధికారుల అనుమతి తప్పనిసరి అంది. దానికి నిరసనగా ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు ఆ షరతు తీసేసింది.

చర్చంతా అరెస్టు చుట్టూనే తిరిగింది. నా దృష్టిలో అసలు కీలకం సెక్షన్ 4. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం పెట్టించుకునే ముందు బాధితుడికి చదివి వినిపించాలన్న మాటను 2015 సవరణలో అక్కడే చేర్చారు. స్టేషన్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు రాయించిన వాక్యమది.