సముద్రంలో చమురు ఒలికితే డబ్బు ఎవరిస్తారు? అపోహలు - వాస్తవాలు

నష్టపరిహారం క్లెయిముల పని మీద అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా తిరుగుతుంటాను. ఏ రేవులో కూర్చున్నా ఇవే మాటలు.

అపోహ: తప్పు ఓడవాళ్లదేనని మనం నిరూపించాలి.
వాస్తవం: అక్కర్లేదు. ముడిచమురు ట్యాంకరు నుంచి తెట్టు వస్తే తప్పున్నా లేకపోయినా ఓనరే బాధ్యుడు. యుద్ధం లాంటి మినహాయింపులు కొన్నే. 1967లో టోరీ కాన్యన్ అనే ట్యాంకరు ఇంగ్లండ్ దగ్గర రాళ్లకు కొట్టుకున్నాక పుట్టిన ఒప్పందం ఇది. ఇప్పుడు నడుస్తున్నది 1992 నాటిది, మన దేశమూ అందులో ఉంది. 2,000 టన్నులు దాటి చమురు మోసే ఓడకి బీమా తప్పనిసరి. ఆ బీమావాళ్లనే నేరుగా అడగొచ్చు.

అపోహ: ఓనరు చేతులెత్తేస్తే ఇక అంతే సంగతులు.
వాస్తవం: ట్యాంకరు ప్రమాదాల కోసం లండన్‌లో అంతర్జాతీయ నిధి ఉంది. ఓనరు వాటాతో కలిపి ఒక్కో ప్రమాదానికి గరిష్ఠంగా 20.3 కోట్ల ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కలకు వాడే యూనిట్, ఒక్కోటి వంద రూపాయల పైమాటే). క్లెయిములు అంతకు మించితే అందరికీ దామాషాలో కోత పడుతుంది.

అపోహ: చమురు ఎక్కడినుంచి వచ్చినా ఆ నిధే ఇస్తుంది.
వాస్తవం: మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. మన ఎదురుగా సముద్రంలో రవ్వ, కేజీ-డీ6 చమురు, గ్యాస్ క్షేత్రాలున్నాయి. బావి నుంచో ప్లాట్‌ఫారం నుంచో కారితే లండన్ నిధికి సంబంధమే లేదు. ట్యాంకరు నుంచి పెట్రోలు, మామూలు డీజిలు ఒలికినా అంతే, అవి త్వరగా ఆవిరయ్యే రకం. 2025 మేలో కేరళ దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 కంటెయినర్ ఓడ, ట్యాంకరు కాదు. అందుకే కేరళ ప్రభుత్వం హైకోర్టుకెళ్లి ఓనరు మీద దావా వేసింది. బావి ప్రమాదానికైతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. అక్కడా తప్పు నిరూపించే బాధ లేదు.

అపోహ: బిల్లుల్లేని చిన్న నావకి పైసా రాదు.
వాస్తవం: వస్తుంది, కాకపోతే ఏదో ఒక ఆధారం కావాలి. వేలంపాట చీటీ, ఐసు రసీదు, చేపలు కొనే వ్యాపారి నోటుబుక్కు, ఏదైనా సరే. తెట్టు అంటిన వలని దయచేసి కడగొద్దు. ఫొటో తీసి, ఓ ముక్క కోసి శుభ్రమైన గాజు సీసాలో పెట్టి, తేదీ, చోటు రాసి ఉంచండి. ఆ చమురు ఏ ఓడదో ల్యాబ్‌లో పోల్చి చూస్తారు. కాకిలెక్కలు మాత్రం వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఒడ్డునుండాల్సిన మరబోటుకి వేట నష్టం రాస్తే మిగతా లెక్కనీ ఎవరూ నమ్మరు.

అపోహ: మడ అడవికి విలువ కట్టి అడగొచ్చు.
వాస్తవం: ఈ నిధి అంచనా విలువలివ్వదు. కోరంగిలో మొక్కలు తిరిగి పెంచడానికైన సబబైన ఖర్చయితే ఇస్తుంది.

అపోహ: అర్జీ పెట్టేశాం కదా, ఇక టెన్షన్ లేదు.
వాస్తవం: ట్యాంకరు కేసుల్లో నష్టం జరిగిన 3 ఏళ్లలోపు, ప్రమాదం జరిగిన 6 ఏళ్లు దాటకుండా కోర్టులో దావా పడాలి. కలెక్టరాఫీసులో ఇచ్చిన అర్జీతో ఆ గడువు ఆగదు.