పెట్రీ డిష్‌లో గెలిచింది పొలంలోనూ గెలుస్తుందా? జీవ శిలీంధ్రనాశినుల మీద అపోహలు - వాస్తవాలు

పంటకు తెగులు తెచ్చే శిలీంధ్రాలను (బూజు జాతులను) అడ్డుకునే సూక్ష్మజీవులే జీవ శిలీంధ్రనాశినులు. వాటిని వెతకడం, పరీక్షించడం, వాడటం మీద ఉన్న అపోహలివి.

అపోహ: ల్యాబ్‌లో తెగులు శిలీంధ్రాన్ని ఎంత దూరం ఆపితే ఆ సూక్ష్మజీవి అంత గొప్పది.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 90 మి.మీ. పెట్రీ డిష్‌లో (సూక్ష్మజీవులను పెంచే గుండ్రటి పళ్ళెంలో) ఒక పక్క తెగులు శిలీంధ్రం ముక్క, ఎదురుగా బాక్టీరియా గీత పెట్టి, మధ్యలో ఏర్పడే ఖాళీని కొలుస్తాం. కానీ ఆ డిష్‌లో పోసే పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్ అనే జెల్లీ లాంటి ఆహారంలో చక్కెర పుష్కలం. ఆ తిండి మీద బాక్టీరియా తయారుచేసే యాంటీబయాటిక్, అరకొర ఆహారం దొరికే వేరు దగ్గర తయారు కాకపోవచ్చు. దీనికి తిరగబడిన సంగతీ ఉంది: మొక్కలోని రక్షణ శక్తిని మేల్కొలిపే రకాలు డిష్‌లో ఏ ఖాళీ చూపకపోవచ్చు, డిష్‌నే నమ్ముకుంటే వాటిని చేతులారా పారేస్తాం. అందుకే కుండీ పరీక్ష తప్పదు. తెగులు మాత్రమే, సూక్ష్మజీవి మాత్రమే, రెండూ కలిపి, ఏదీ లేకుండా: ఈ నాలుగు రకాల కుండీలూ ఉండాలి. రెండోది మానేస్తే సూక్ష్మజీవే మొలకను గిడసబార్చినా మనకు తెలియదు.

అపోహ: మట్టి ఎక్కడిదైనా ఒకటే.

వాస్తవం: ఎండుతెగులుతో చుట్టూ మొక్కలన్నీ వాలిపోయినా పచ్చగా నిలిచిన మొక్క వేరు మట్టిని, మేలుచేసే సూక్ష్మజీవుల కోసం ముందు వెతకండి. 1 గ్రాము మట్టిని 9 మి.లీ. స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీటిలో కలిపి, పదింతల చొప్పున పలచన చేస్తూ పోవాలి. బాసిల్లస్ అనే బాక్టీరియా కావాలంటే మొదటి ద్రావణాన్ని 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ఉంచితే దాని స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి నిద్రాణ కణాలు) మాత్రమే మిగులుతాయి. సూడోమోనాస్ అనే మరో బాక్టీరియాకు స్పోర్లు ఉండవు, ఈ వేడికి చచ్చిపోతుంది. పొడిగా చేసి నిల్వ ఉంచాలంటే బాసిల్లస్ మేలనడానికీ ఆ స్పోర్లే కారణం.

అపోహ: సహజం కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: బర్క్‌హోల్డేరియా సెపేసియా అనే బాక్టీరియా వర్గం తెగులు శిలీంధ్రాలను బాగానే అణుస్తుంది. కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారి ఊపిరితిత్తులకు అది ప్రాణాంతకం కాగలదు. జీవ శిలీంధ్రనాశినిగా వాడే ట్రైకోడెర్మా శిలీంధ్రంలోనే అగ్రెసివమ్ అనే జాతి పుట్టగొడుగుల పెంపకాన్ని నాశనం చేస్తుంది. జన్యు క్రమం చూసి జాతి తేల్చుకోకుండా ఏ నమూనానూ పొలానికి తీసుకెళ్ళకండి.

అపోహ: తెగులు ముదిరాక కొట్టినా పనిచేస్తుంది.

వాస్తవం: చేయదు. శత్రువు కన్నా ముందే వేరు మీద చోటు పట్టుకోవడమే దీని బలం, కాబట్టి విత్తనశుద్ధి సమయంలోనే ఇవ్వాలి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కదా, కార్బెండాజిమ్ అనే రసాయన శిలీంధ్రనాశినితో కలిపితే అదీ చస్తుంది. ఆకులపై పిచికారీ అయితే ఎండ తగ్గాక సాయంత్రం చేయాలి. లేబుల్ మీది సీఎఫ్‌యూ (బతికున్న, కాలనీ కట్టగల సూక్ష్మజీవుల) లెక్క ప్యాక్ చేసిన నాటిది కావచ్చు. వేడి గదిలో నిల్వ ఉన్న పొడిని విత్తనానికి పట్టించే ముందు, కొంచెం పలచన చేసి అగర్ మీద పరిచి ఎన్ని కాలనీలు వస్తున్నాయో లెక్కపెట్టండి.