రేంజ్ పెరిగింది... మెషిన్ చెడిందా, శాంపిల్ మారిందా?

మాత్రల ఫ్యాక్టరీల్లో పాత తగువు ఒకటి మళ్లీ రాజుకుంది. కంప్రెషన్ మెషిన్ దగ్గర గంటకోసారి 5 మాత్రలు తీసి విడివిడిగా తూచడం చాలాచోట్ల అలవాటు. నాకు తెలిసిన ఒక ప్లాంటులో, ఇంకాస్త పకడ్బందీగా ఉంటుందని ఈ మధ్య ఆ 5ను 10 చేశారు. ఎక్సెల్ చార్టులో మధ్యగీత, హద్దులు మాత్రం పాతవే ఉంచేశారు. నాలుగు రోజులు తిరక్కుండానే రేంజ్ (శాంపిల్‌లో అతి బరువైన, అతి తేలికైన మాత్రల మధ్య తేడా) చుక్కలు మధ్యగీతకు పైన బారులు తీరాయి. వరుసగా ఎనిమిది చుక్కలు ఒకేవైపు పడితే ప్రమాద సంకేతమన్నది అక్కడి నిబంధన. దాంతో క్వాలిటీవాళ్లు డీవియేషన్ (ఏదో తేడా జరిగిందన్న విచారణ) తెరిచారు. మెషిన్ మీద చెయ్యి కూడా వేయలేదని ఆపరేటర్లు మొత్తుకున్నారు.

ఈ కథను కంట్రోల్ చార్టుల ఆద్యుడు, అమెరికన్ షూహార్ట్ 1924 మే 16న రాసిన ఒక పేజీ మెమోతో మొదలుపెట్టడం ఆనవాయితీ. అది అందరికీ తెలిసిందే. పైగా షూహార్ట్ ఎక్కువగా నమ్ముకున్నది సిగ్మాను (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను), రేంజ్‌ను కాదు. నేటి తగువుకు మూలం మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో ఉంది.

బ్రిటిష్ నూలు పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న ఎల్.హెచ్.సి. టిప్పెట్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. శాంపిల్‌లో అతి పెద్ద విలువకూ అతి చిన్న విలువకూ మధ్య తేడా సగటున ఎంత ఉంటుందో లెక్కగట్టి 1925లో బయోమెట్రికా పత్రికలో అచ్చువేశాడు. శాంపిల్ సైజు 2 నుంచి 1,000 దాకా పట్టిక ఇచ్చాడు. విలువలు గంట ఆకారపు వక్రంలో పరుచుకునే ప్రక్రియ ఏమీ మారకపోయినా, సగటు రేంజ్ రెండింటికి సిగ్మాకు 1.128 రెట్లు, ఐదింటికి 2.326, పదింటికి 3.078, వందకు 5 రెట్లు, వెయ్యికి ఆరున్నర రెట్లు. కారణం తెలుసుకోవడానికి గణితం కూడా అక్కర్లేదు. తూచిన ఐదు మాత్రల పక్కన ఆరోది పెట్టండి. అది పాత ఐదింటి మధ్య పడితే రేంజ్ ఉన్నచోటే ఉంటుంది, బయట పడితే పెరుగుతుంది. తగ్గించే దారి దానికి లేదు.

అంటే ఆపరేటర్లు ఇవాళ చెబుతున్న మాటకు పట్టికతో సహా రుజువు వందేళ్ల కిందటే ఉంది. మరి అది ఎక్కడ మరుగున పడింది?

రేంజ్ షాప్ ఫ్లోర్‌కు చేరిన తీరులోనే. 1935లో గణాంక శాస్త్రవేత్త ఇ.ఎస్. పియర్సన్ రాసిన బ్రిటిష్ ప్రమాణం 600, ఆ తర్వాత యుద్ధకాలపు శిక్షణలు దాన్ని కార్మికుల చేతికిచ్చాయి. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో సిగ్మా కట్టాలంటే వర్గాలు, వర్గమూలాలు కావాలి. రేంజ్‌కు ఒక్క తీసివేత చాలు. ఐదు మాత్రల శాంపిల్‌లో ఆ తీసివేత వల్ల పోయే సమాచారం 5 శాతం లోపే. పదికి వచ్చేసరికి అది 15 శాతం అవుతుంది. అందుకే ఐదు అలవాటుగా స్థిరపడింది, ఫారాల్లో ఐదు గడులు అచ్చయ్యాయి. సగటు రేంజ్‌ను గుణించి చార్టు హద్దులు కట్టే 0.577, 2.114 అనే గుణకాలు కంఠతా వచ్చేశాయి. అవి ఐదుకు మాత్రమే చెల్లుతాయన్న సంగతి పట్టిక మొదటి నిలువు వరుసలోనే ఉండిపోయింది.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపుపై షూహార్ట్ 1947-48లో మన దేశానికి వచ్చారు. 1950లలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ క్వాలిటీ యూనిట్లు మొదలయ్యాయి. మాత్రల రంగంలో చార్టుల మీద ఒత్తిడి పెరిగింది మాత్రం 2011 తర్వాతే. ప్రక్రియను ఎప్పటికప్పుడు గణాంకాలతో కనిపెట్టుకుని ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ ఏడాది మార్గదర్శకం ఇచ్చింది. ఎగుమతి ప్లాంట్లు చార్టుల వెంట పడ్డాయి. ఎవరో చేసిన ఎక్సెల్ షీటు చేతులు మారింది, గుణకాలు అందులోనే ఉండిపోయాయి.

మాత్ర బరువులో సిగ్మా 4 మిల్లీగ్రాములు అనుకుందాం. ఐదు తూస్తే సగటు రేంజ్ 9.3, పది తూస్తే 12.3. ఈ పదిని పాత 9.3 గీత మీద పెడితే, మెషిన్ నిక్షేపంగా ఉన్నా పది చుక్కల్లో ఎనిమిది దాకా పైనే పడతాయి. ఎనిమిది వరుస నిబంధన మోగడానికి ఎంతోసేపు పట్టదు.

మేనేజ్‌మెంట్ వాదన: ఎక్కువ మాత్రలు తూస్తే సగటులో చిన్న మార్పు కూడా దొరుకుతుంది. నిజమే. కానీ గుణకం మార్చకపోతే ఆ లాభమే చేజారుతుంది. పదికి సరైన గుణకం 0.308, దాంతో సగటు చార్టు (శాంపిళ్ల సగటు బరువులను గీసేది) హద్దులు మధ్యగీతకు అటూ ఇటూ 3.8 మి.గ్రా. దగ్గర ఉంటాయి. కొత్త రేంజ్‌ను పాత 0.577తో గుణిస్తే 7.1కి జరుగుతాయి. ఐదు తూచినప్పటి 5.4 కన్నా కూడా ఇది వదులే. రేంజ్ చార్టు లేనిపోని టెన్షన్ పెడుతుంటే, సగటు చార్టు నిజంగా బరువు జరిగినా పలకదు. ఆడిట్లలో మొదటిదాని మీదే రచ్చ. రెండోదాన్ని ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అక్కడ చుక్కలన్నీ చక్కగా హద్దుల్లోనే కనిపిస్తాయి.

పది దాటితే రేంజ్ వదిలి సిగ్మా చార్టు వాడమని పాఠ్యపుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇప్పటి తూనిక యంత్రాలు చాలావరకు సిగ్మాను స్లిప్పు మీద తామే కొట్టి ఇస్తాయి. ఆ ప్లాంటులో డీవియేషన్ మూయాలంటే పాత సగటు రేంజ్‌ను 2.326తో, కొత్తదాన్ని 3.078తో భాగించి పక్కపక్కన పెడితే చాలు. రెండూ దగ్గరగా వస్తే మెషిన్ తప్పేమీ లేదు. అది చేయకుండా విచారణ పత్రంలో ఇప్పటికి "పంచ్ (మాత్రను నొక్కే భాగం) అరుగుదల కావచ్చు" అని రాశారు.