జల్లెడ దాటే దారాలు

“కంటి ఒత్తిడి 15 మిల్లీమీటర్ల పాదరసానికి దిగింది, చుక్కల మందు ఒక్కరోజు కూడా మానలేదు, అయినా చూపు ఎందుకు తరుగుతోంది?” అని నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా ఉన్న ఒక పాఠకురాలు అడిగారు. జవాబు కంటి వెనుక గోడలో, దృష్టినాడి బయటికి వెళ్లే చోట ఉంది. మన పాఠ్యపుస్తకాలు కంటిని కెమెరాతో పోల్చి, కటకం, తెర వరకే చెప్పి ఆగిపోవడం వల్ల ఈ ద్వారం సంగతి చాలామందికి తెలియదు.

రెటీనాలోని గాంగ్లియన్ నాడీకణాలు సుమారు 10 లక్షలు. ఒక్కొక్కటి ఒక సన్నని తంతువును మెదడు దాకా పంపుతుంది. ఆ తంతువులన్నీ కట్టలుగా చేరి, ఒకదానిపై ఒకటి పేర్చిన జల్లెడల వంటి పొరల రంధ్రాల గుండా కన్ను దాటుతాయి. లోపలి ఒత్తిడికి ఆ జల్లెడలు వెనక్కి వంగినప్పుడు ముందు పొర రంధ్రానికి వెనుక పొర రంధ్రం తిన్నగా కుదరదు, మధ్యనున్న తంతువు మెలిక తిరిగి నలుగుతుంది. అప్పుడు కణం నుంచి మెదడు వైపు వెళ్లే సరుకూ, మెదడు నుంచి కణాన్ని బతికించడానికి తిరిగివచ్చే పోషక ప్రోటీన్లూ అక్కడే చిక్కుకుపోతాయి. జల్లెడ పైభాగంలోనూ, కింది భాగంలోనూ రంధ్రాలు పెద్దవి, వాటి మధ్య ఆధారం పలుచన. ఆ భాగాల గుండా వెళ్లే తంతువులు రెటీనాపై విల్లులా వంగి వస్తాయి, అవే ముందుగా నలుగుతాయి. అందుకే చూపులో తొలి లోపం తరచుగా విల్లు ఆకారంలో కనబడుతుంది. పైగా కంటిలోపల ఈ తంతువులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉండదు కనుక సంకేతాలు పంపడానికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, జల్లెడకు ముందు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. జల్లెడ బలహీనమైనా, రక్తప్రసరణ తగ్గినా, వయసుతో శక్తి ఉత్పత్తి సన్నగిల్లినా ఒక కంటికి 15 కూడా ఎక్కువే కావచ్చు.

కాబట్టి ఒత్తిడిని తగ్గించడంతో పాటు కణాన్నే కాపాడాలన్న ఆలోచన నాకు ఎంతో సబబుగా తోస్తుంది. కానీ దారి సులువు కాదు. మతిమరుపు జబ్బుకు వాడే మెమాంటిన్ మందు జంతువులలో ఆశ కలిగించినా, నాలుగేళ్లు సాగి 2018లో ఫలితాలు వెలువడిన పెద్ద మానవ పరీక్షలలో జబ్బును నెమ్మదింపజేయలేకపోయింది. 2017లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు, విటమిన్ బీ3 రూపమైన నికోటినమైడ్ ఇస్తే ఎలుకల గాంగ్లియన్ కణాలలో శక్తికి కీలకమైన ఎన్ఏడీ అనే పదార్థం నిలిచి, నాడికి రక్షణ దొరికిందని చూపారు; మనుషులలో పరీక్షలు ఆ తర్వాత మొదలయ్యాయి. పెద్ద మోతాదులో అది కాలేయానికి హాని చేయగలదు కనుక సొంతంగా కొని మింగరాదు. కంట్లో ఆకుపసరు పిండే అలవాటును అంతకంటే గట్టిగా మానిపించాలి. ఆ పసరు నాడిని చేరదు సరికదా, నల్లగుడ్డుపై పుండు తెచ్చిపెట్టగలదు.

చనిపోయిన గాంగ్లియన్ కణం మళ్లీ పుట్టదు. అందువల్ల ఆ పాఠకురాలు తన పాత దృష్టిక్షేత్ర పరీక్షల (చూపు ఎంత మేర పరచుకుందో కొలిచే పరీక్షల) కాగితాలన్నీ తీసుకెళ్లి, తన కంటికి లక్ష్యంగా పెట్టుకోవలసిన ఒత్తిడి 15 కంటే ఇంకా తక్కువ ఉండాలేమో వైద్యులను అడగాలి.