కొత్త ఇంటి వాల్యుయేషన్: ఖర్చు పద్ధతిపై అపోహలు – వాస్తవాలు

అపోహ: బిల్లులన్నీ కూడితే ఇంటి విలువ వచ్చేస్తుంది.

వాస్తవం: ఖర్చు పద్ధతిలో మీకెంత అయిందన్నది కాదు, అలాంటి ఇల్లు అక్కడే ఈ రోజు కడితే మామూలుగా ఎంతవుతుందన్నదే లెక్క. మేస్త్రీ తప్పుకి పగలగొట్టి మళ్లీ కట్టిన గోడ, వానకి గడ్డకట్టిన సిమెంటు, పని ఆగిపోయి పెరిగిన వడ్డీ ఇందులోకి రావు. గుమ్మాలకు సొంత చెట్టు కలప వాడారని విలువ తగ్గదు కూడా. స్థలం విలువకి ప్లింత్ ఏరియా (గోడలతో సహా కట్టిన వైశాల్యం) మీద చదరపు అడుగు రేటు లెక్కకట్టి కలిపి, కట్టడం తరుగు తీసేసి, ప్రహరీ, బోరు, సంపు విడిగా వేస్తారు. అడుగు రేటులోనే ఉన్న గ్రానైటును మళ్లీ ‘అదనపు పనుల్లో’ చూపించడం తరచూ జరిగే పొరపాటు.

అపోహ: నాలుగు సెంట్లంటే 200 గజాలు.

వాస్తవం: సెంటుకి 48.4 గజాలు. నాలుగు సెంట్లకి 193.6. గజం 15,000 అనుకుంటే ఆ తేడాకే 96,000 ఊరికే పెరిగిపోతుంది. దస్తావేజు కొలత, టేపు కొలత కలవకపోతే తక్కువదే తీసుకోండి.

అపోహ: కొత్త ఇంటికి తరుగు సున్నా.

వాస్తవం: ఆయుష్షు 60 ఏళ్లు, చివరికి మిగిలే విలువ 10 శాతం అనుకుంటే ఏడాదికి 1.5 శాతం తరుగు. రెండేళ్ల ఇంటికి మూడు శాతమే, అది చిన్న సంగతి. అసలు చిక్కు మిగతా రెండు తరుగులతో. బెడ్‌రూమ్ దాటితే గానీ వంటగదికి పోలేని ప్లాను ఒకటి: గృహప్రవేశం నాడే విలువ తగ్గినట్టు. రెండోది ఊరిని బట్టి వచ్చేది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో బయట సంపాదనతో కట్టిన మూడంతస్తుల మేడకి ఖర్చు నిజమే, కానీ ఆ ధరకి ఆ ఊళ్లో కొనేదెవరు? ఖర్చు లెక్కని చుట్టుపక్కల అమ్మకాలతో సరిచూడకపోతే అంకె గాల్లో ఉంటుంది.

సముద్రతీరాన కళింగపట్నం, భావనపాడు వైపు ఇంకోటి చూడాలి. కిటికీ సన్‌షేడ్ అడుగున సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తే, కవరింగ్ (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం) చాలక ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పు పడుతోందేమో అనుమానించాలి. తుప్పే అని తేలితే 60 ఏళ్ల ఆయుష్షు వెయ్యకూడదు.

అపోహ: ఫ్లాటుకీ ఇదే పద్ధతి.

వాస్తవం: కాదు. అవిభక్త వాటా స్థలాన్ని (అందరి ఉమ్మడి స్థలంలో ఆ ఫ్లాటుకి వచ్చే భాగం) విడదీసి కట్టే లెక్క నమ్మకంగా రాదు. అక్కడి ఫ్లాట్లు ఎంతకి అమ్ముడయ్యాయన్నదే ఆధారం.

అపోహ: అనుమతి పొందిన ప్లానులో లేని పై అంతస్తుకీ సిమెంటు అంతే పట్టింది కదా, కలపాలి.

వాస్తవం: లోను వాల్యుయేషన్‌లో సాధారణంగా కలపరు. పోసిన స్లాబు ఎంత గట్టిదైనా సరే.