లేజర్ డబ్బా మీద అంకె, మీటర్లో అంకె

చేతిలో పట్టుకునే పవర్‌ఫుల్ లేజర్ కొందామని ఆన్‌లైన్లో వెతికితే ముందు కనపడేవి అంకెలే, 5,000 మిల్లీవాట్లు, 20,000, ఒకడైతే ఏకంగా 50,000 అని వేసేస్తాడు, పక్కన అగ్గిపుల్ల భగ్గుమంటున్న ఫొటో ఒకటి. కార్డు నంబర్ కొట్టేముందు కాసేపు కూర్చుని లెక్క వేసుకుంటే సగం అబద్ధాలు అక్కడే బయటపడతాయి. 50,000 మిల్లీవాట్లంటే 50 వాట్ల వెలుగు. నీలం లేజర్ డయోడ్, అంటే లోపల వెలుగు పుట్టించే చిన్న చిప్, తాగే కరెంటులో సుమారు మూడో వంతే వెలుగుగా బయటికొస్తుంది, మిగతాదంతా వేడి, అంటే బ్యాటరీ నుంచి 150 వాట్లు లాగాలి. లోపల ఉండేదేమో ఒక్క 18650 రకం రీచార్జబుల్ సెల్, 3.7 వోల్టులు, అంటే 40 ఆంపియర్లు! మామూలు సెల్ అంత ఇవ్వలేదు, ఒకవేళ ఇచ్చినా 100 వాట్ల వేడి అంత చిన్న గొట్టంలో పుడితే పట్టుకున్న చెయ్యి సంగతేంటి? ఇలాంటివాటిలో వాడే ఒక్క నీలం డయోడ్‌కి బాగా కరెంటు ఎక్కిస్తే వచ్చేది 5, మహా అయితే 7 వాట్లు. అది కూడా తక్కువేం కాదు, అర వాట్ దాటితేనే క్లాస్ 4, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి.

ఈ రకం అబద్ధానికి పోయేది డబ్బులే. రెండో రకం దీనికి రివర్స్, నా దృష్టిలో అదే అసలు భయం: 5 మిల్లీవాట్ల లోపే అని లేబుల్ అంటించి లోపల అంతకు ఎన్నో రెట్లు పెట్టి అమ్మడం. అమెరికాలో కొలతల ప్రమాణాలు చూసే నిస్ట్ అనే సంస్థ 122 లేజర్ పాయింటర్లు కొలిచి 2013లో ఫలితాలు చెప్పింది, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎరుపువాటిలో 44 శాతం అక్కడి భద్రతా రూల్స్ దాటేశాయి.

ఆకుపచ్చవే ఎందుకు ఇంత ఘోరం అంటే, చవక రకాల్లో ఆ రంగు నేరుగా పుట్టదు. ముందు ఒక డయోడ్ 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇస్తుంది, అది ఒక స్ఫటికంలోకి వెళ్లి 1064 అవుతుంది, అది కూడా కంటికి కనపడదు, ఆ తర్వాత కేటీపీ అనే ఇంకో స్ఫటికం దాని తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే అప్పుడు 532, మనం చూసే పచ్చ గీత. మారకుండా మిగిలిపోయిన ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపడానికి చివర్లో చిన్న ఫిల్టర్ ఉండాలి, ఖర్చు తగ్గించాలనుకునేవాడు ముందు ఎగరగొట్టేది దాన్నే. నిస్ట్ వాళ్లే 2010లో చూసిన ఒక పాయింటర్ పచ్చ వెలుగు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఇన్‌ఫ్రారెడ్ కక్కింది. మామూలుగా కంట్లో వెలుగు పడితే పావు సెకన్లో రెప్ప పడిపోతుంది, క్లాస్ 2 లేజర్లకి 1 మిల్లీవాట్ అని హద్దు పెట్టింది ఆ రెప్ప మీద నమ్మకంతోనే. ఇన్‌ఫ్రారెడ్ కనపడదు కాబట్టి రెప్ప పడదు, కానీ కంటి లెన్స్ మాత్రం దాన్ని రెటీనా మీద బుద్ధిగా ఫోకస్ చేసి పెడుతుంది.

"చూడ్డానికే ఎంత బ్రైట్‌గా ఉందో" అని పవర్ అంచనా వేసేవాళ్లకి ఒక మాట. మన కన్ను బాగా పట్టేది 555 నానోమీటర్ల దగ్గర, అక్కడ 100 అనుకుంటే 532 పచ్చకి 88 దాకా వస్తుంది, 450 నీలానికి 4 కూడా రాదు. గాలిలో నీలం పచ్చకన్నా రెట్టింపు చెదురుతుంది, నిజమే, కానీ కన్ను చూపే తేడా ముందు అది ఏ మూలకి. అందుకే ఒక వాట్ నీలం లేజర్ దాని అసలు బలం కన్నా చాలా అమాయకంగా కనపడుతుంది.

కాబట్టి కొలవాల్సిందే. సరైన సాధనం థర్మోపైల్ మీటర్, నల్ల పూత ఉన్న బిళ్ల మీద కిరణం పడితే బిళ్ల వేడెక్కుతుంది, ఆ వేడి అంచులవైపు పారేటప్పుడు వచ్చే చిన్న వోల్టేజ్‌ని వాట్లలో చూపిస్తుంది, అంకె నిలబడ్డానికి కొన్ని సెకన్లు పడుతుంది. మీటర్ లేకపోతే అల్యూమినియం ముక్కతో కూడా లాగించొచ్చు, చిన్న ముక్క, 20 గ్రాములనుకోండి, ఒకవైపు దీపం మసి బాగా పట్టించి, వెనకవైపు సన్న థర్మామీటర్ తీగ అతికించి, మసి కాలిపోకుండా కిరణాన్ని కాస్త వెడల్పు చేసి అర నిమిషం కొట్టాలి. అల్యూమినియం గ్రాముకి ఒక డిగ్రీ పెరగాలంటే 0.9 జౌళ్లు, 20 గ్రాములకి 18, వేడి 5 డిగ్రీలు పెరిగితే 90 జౌళ్లు, 30 సెకన్లతో భాగిస్తే 3 వాట్లు. కొంత వేడి గాలిలోకి పోతుంది గనక అసలుది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఎలా కొలిచినా ఆన్ చేసిన వెంటనే వచ్చిన అంకెతో ఆగొద్దు, నిమిషం ఆగి మళ్లీ చూడండి, డయోడ్ వేడెక్కేకొద్దీ పవర్ జారిపోతుంది, అమ్మేవాడు చెప్పేది ఎప్పుడూ ఆ చల్లగా ఉన్న మొదటి క్షణం లెక్కే.

ఇదంతా లేజర్‌ని ఆపే కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి, లేజర్‌తో పాటు ఫ్రీగా వచ్చే ప్లాస్టిక్ జోడు లెక్కలోకి రాదు. ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని కళ్లద్దాల మీదే రాసుండాలి, 450 దగ్గర ఓడీ 4 అంటే వెలుగుని 10,000 రెట్లు తగ్గిస్తుంది, ఒక వాట్ కాస్తా 0.1 మిల్లీవాట్ అవుతుంది. అలా అని కిరణంలోకి సూటిగా చూడమని కాదు. గదిలో అద్దాలు, స్టీల్ సామాన్లు, మెరిసే వాచీ కూడా తీసేయాలి, క్లాస్ 4లో గోడ మీద చుక్కని దగ్గర్నుంచి చూసినా ప్రమాదమే.

బయట దూరం సంగతి ఇంకో లెక్క. కిరణం ఒక మిల్లీరేడియన్ చొప్పున, అంటే కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున విచ్చుకుంటుందనుకుంటే ఒక వాట్ లేజర్ సుమారు 220 మీటర్ల దాకా కంటికి ప్రమాదమే, పావు సెకన్లో రెప్ప పడినా సరే. 3 కిలోమీటర్లు పోయేసరికి చుక్క 3 మీటర్ల వెడల్పవుతుంది, అక్కడ అది దేన్నీ కాల్చదు, కానీ రాత్రిపూట దిగుతున్న విమానం ముందద్దం మీద పడితే అద్దం మొత్తం వెలిగిపోయి పైలట్‌కి రన్‌వే కనపడదు, చాలా దేశాల్లో అది జైలుకి పంపే నేరం.